కోరంగి రేవు నుంచి మారిషస్ దీవికి

"మీ బాపు దుబాయి నుంచి ఫోన్ చేసిండా?" - ఈ మాట వినని రోజు మన హాస్టల్లో ఉండదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లకు వలస గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. విమానాలు లేని రోజుల్లోనే అగ్రిమెంటు మీద సముద్రం దాటిన తెలుగువారున్నారు. కొందరు చేరిన దీవి మారిషస్.

హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉంటుంది. పాత కరీంనగర్ జిల్లాలో దాదాపు ఆరో వంతు. 1598లో డచ్చివారు తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. ఎగరలేని డోడో పక్షి వాళ్ల కాలంలోనే అంతరించింది. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఆంగ్లేయులు వచ్చారు.

1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరకు తోటల్లో పని ఎవరు చేయాలి? 1834 నుంచి 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులను తెచ్చారు. ఐదేళ్ల అగ్రిమెంటు, నెలకు 5 రూపాయలు, బియ్యం, పప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత! దీన్ని 'డబుల్ కట్' అనేవారు. 1867 చట్టంతో అగ్రిమెంటు ముగిసినవారు కూడా ఫోటో అంటించిన పాసు వెంట ఉంచుకోవాల్సి వచ్చింది. లేకుంటే అరెస్టే. జేబులో అకామా లేకుండా బయటికి వెళ్లని మన బాపులకు ఇది వేరే చెప్పాలా?

కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కినందున తెలుగువారికి అక్కడ 'కోరంగీలు' అనే పేరొచ్చింది. ఎక్కువ మంది ఉత్తర కోస్తావారు. అందుకే నేటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన చేస్తారు. ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. 1946లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

చూడవలసినవి చాలా ఉన్నాయి. చామరెల్‌లో ఏడు రంగుల మట్టి, పాంపల్‌మూస్ తోటలో తాంబాళమంత తామరాకులు, శివరాత్రికి జనం కాలినడకన చేరే గంగా తలావ్. పారిపోయిన బానిసలు తలదాచుకున్న లె మోర్న్ కొండకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నా మటుకు ముందు చూడవలసింది రాజధాని పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్. ఓడ దిగిన కూలీలు ఎక్కిన 16 మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు. వచ్చినవారి రిజిస్టర్లు, ఫోటోలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మునిమనుమలు వాటిలో వెతికి తమ పెద్దలు ఎక్కిన ఓడ పేరు, విడిచి వచ్చిన ఊరి పేరు తెలుసుకుంటున్నారు.