తప్పటడుగుల బిడ్డతో ఓడ ప్రయాణము

మంచిర్యాల నుండి ఒక శ్రోత మా కేంద్రమునకు వ్రాసిన ఉత్తరము నా బల్లమీద ఉన్నది. వ్రాసినావిడ ఒక అవ్వ. ఆమె కుమారుడు దుబాయిలో ఉద్యోగము చేయుచున్నాడు. ఈ చలికాలమున భార్యను, ఏడాదిన్నర కుమారుని వెంటబెట్టుకొని మూడు రాత్రులు విహార నౌకలో తిరిగి వచ్చెదనని ఫోనులో చెప్పినాడట. "పసిపోరన్ని నీళ్లమీదికి తోలుకపోతరా అని నేనంటే నవ్వుతున్నరు. మీరు రేడియోల చెప్పుండ్రి, వాళ్లింటరు" అని ఆమె కోరిక.

ఆమె కోరినట్లు వద్దని చెప్పుట నాకు సులభమే. కాని విషయము అంత సులభమైనది కాదు. అందుచేత కొంచెము వివరముగా ముచ్చటింపవలసియున్నది.

మన ఉత్తర తెలంగాణమునకు సముద్రము లేదు. కరీంనగరము నుండి వరంగల్లు చేరి సాయంకాలపు రైలెక్కినచో, విశాఖలో సముద్రము కంటబడునప్పటికి తెల్లవారును. అయినను నీటి ప్రయాణము మనకు క్రొత్తది కాదు. వంతెన కట్టక ముందు కాళేశ్వరము నుండి సిరొంచకు గోదావరిని పడవలమీదనే దాటెడివారు. చంటిబిడ్డలను చంకనెత్తుకొని తల్లులు సంతలకును, పెండ్లిండ్లకును అట్లే పోయి వచ్చిరి. ఇంకను వెనుకకు పోయినచో, 1860లో మద్రాసు నుండి డర్బనుకు 342 మందిని గొనిపోయిన ట్రూరో అను ఓడలో తెలుగువారును, వారి పిల్లలును ఉండిరి. వారు విహారమునకు పోలేదు, చెఱకు తోటలలో కూలికి పోయిరి. నేడు కరీంనగరము, జగిత్యాల, నిర్మల ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు వెళ్ళిన కుటుంబములవారికి మాత్రము ఓడ అనగా సెలవుల వినోదము. చలికాలమున దుబాయి, అబూధాబి, దోహా రేవుల నుండి పెద్ద పెద్ద విహార నౌకలు బయలుదేరుచుండును. మన తీరమున విశాఖ నుండి కూడ 2022 జూనులో అట్టి నౌక యొకటి ప్రయాణికుల నెక్కించుకొని నడచినది.

అవ్వ భయమును కొట్టివేయుటకు ముందు మా యింటి సంగతి యొకటి చెప్పుకొనవలెను. రెండేండ్ల క్రిందట బతుకమ్మ సెలవులలో మా కుటుంబమువారము తొమ్మండుగురము ఒక జలాశయము చూడబోయి పడవ యెక్కితిమి. పెద్దలందరకు లైఫ్ జాకెట్లిచ్చిరి. మా చిన్నవానికి అప్పటికి రెండేండ్లు నిండలేదు. వాని కొలతకు జాకెట్టు లేదు. పడవవాడు పెద్దవారి జాకెట్టునే వానికి చుట్టి, త్రాడు బిగించి, "ఏం గాదు సారూ, పది నిమిషాలే" అనినాడు. వాడు తమాషాకు రెండు చేతులు పైకెత్తగానే జాకెట్టు పైన నిలిచిపోయినది, పిల్లవాడు క్రిందినుండి జారి నా కాళ్ళదగ్గర కూలబడినాడు. అందరము నవ్వితిమి. మా అమ్మ మాత్రము నవ్వలేదు. వానిని ఒడిలోనికి లాగికొని, ఒడ్డు చేరువరకు నోరు మెదపలేదు. అయినను ఆనాడు పడవను త్రిప్పుమని నేను చెప్పలేదు. ఇంటికి వచ్చి పడుకొన్న తరువాత గాని ఆ జారుటకు అర్థము నాకు స్ఫురింపలేదు. అదియే నీటిలో జరిగియున్నచో జాకెట్టు తేలెడిది, బిడ్డడు తేలెడివాడు కాడు.

దీనికి కారణము బిడ్డ శరీరములోనే కలదు. పుట్టిన శిశువు పొడవులో నాలుగవ వంతు తలయే. రెండేండ్లు వచ్చునప్పటికి అది అయిదవ వంతగును. పెద్దవారిలో సుమారు ఎనిమిదవ వంతు మాత్రమే. అందుచేతనే నడక నేర్చిన బిడ్డ స్నానాల గదిలో బకెట్టులోనికి తొంగిచూచి తలక్రిందుగా పడినచో తనంత తాను లేవలేదు. జానెడు నీరు కూడ అక్కరలేదు. మరియొక సంగతి. మునుగుచున్నవారు కేకలు వేయుదురని, చేతులు కొట్టుకొందురని మన ఊహ. పసిబిడ్డ అట్లు చేయడు. నోట నీరు చేరినవానికి అరచుటకు ఊపిరి ఉండదు. నిమిషము లోపల, చప్పుడు లేకుండ, ప్రక్కన కూర్చున్నవారికి కూడ తెలియకుండ అది జరిగిపోవును.

కాబట్టి పసివానికి ధరింపజేయు జాకెట్టు పెద్దవారి జాకెట్టుకు చిన్న ప్రతి యైనంత మాత్రమున చాలదు. మెడవెనుక తలను పైకెత్తి పట్టుటకు మెత్తని పట్టీ ఉండవలెను. కాళ్ళ నడుమనుండి పోయి ముందువైపు బిగియు మరొక పట్టీ ఉండవలెను. ఆ రెండవ పట్టీ లేకపోవుట వలననే మావాడు జారినది. పరీక్ష తేలిక. జాకెట్టు బిగించిన తరువాత భుజముల దగ్గర పట్టుకొని పైకి లేపి చూడుడు. జాకెట్టు గడ్డము దాటి చెవులవరకు లేచినచో అది ఆ బిడ్డది కాదు. కొందరు తల్లులు బిడ్డను కొంగుతోనో, గుడ్డతోనో ఒడికి కట్టుకొని, పైన తమ జాకెట్టు వేసికొందురు. ఆదిలాబాదు అడవిదారులలో బిడ్డను వీపున కట్టుకొని కోసులకొలది నడచు తల్లులకు నేను నమస్కరింతును. నేలమీద అది మంచి పద్ధతియే. పడవలో మాత్రము కూడదు. నీట పడినచో ఆ ముడి విప్పుటకు తీరిక చిక్కదు.

ఓడల సంగతి వేరు. టైటానిక్ 1912లో మునిగిన పిమ్మట, సముద్రముపై ప్రాణరక్షణకు గాను 1914లో దేశములు కొన్ని చేరి ఒక ఒడంబడిక చేసికొన్నవి. దానినే నేడు సోలాస్ అందురు. ఇప్పుడు అమలులో ఉన్న రూపము 1974 నాటిది, దానిపై సవరణలు పెక్కు జరిగినవి. దాని ప్రకారము 15 కిలోల లోపు బరువు, 100 సెంటీమీటర్ల లోపు ఎత్తు గలవారు శిశువులు. 24 గంటలు గాని అంతకు మించి గాని సాగు ప్రయాణములో ఎందరు శిశువులు ఎక్కుదురో అందరకును శిశువుల జాకెట్లు ఓడలో ఉండి తీరవలెను. ఏడాదిన్నర బాలుడు సాధారణముగా 11 కిలోల దగ్గర తూగును. అనగా అవ్వగారి మనుమనికి ఇచ్చునది శిశువుల జాకెట్టే గాని పిల్లల జాకెట్టు కాదు. ఓడ యెక్కిన వెంటనే క్యాబినులోనికి దానిని తెప్పించుకొని, తొడిగి, నేను చెప్పిన పరీక్ష చేయవలెను. ఓడ కదలుటకు ముందో, కదలిన వెంటనేనో ప్రయాణికులందరను పిలిచి, ఆపద వచ్చినచో ఎచ్చట చేరవలెనో చూపుదురు. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అను ఓడ ఇటలీ తీరమున రాతిని తాకి ఒరిగిపోయిన తరువాత బిగిసిన నియమమిది. బిడ్డ నిద్రపోవుచున్నాడని దీనిని ఎగవేయుట నేను విన్నాను. ఆ ఎగవేసినవారు చదువుకొన్నవారే.

గోదావరిమీద తిరుగు లాంచీలకు ఈ ఒడంబడిక వర్తింపదు. మన ప్రాంతమువారు పాపికొండలకు భద్రాచలము మీదుగా పోచవరము చేరి పోవుదురు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ తిరగబడినప్పుడు అందులో 70 మందికి పైగా ఉండిరి. 26 మంది మాత్రము బ్రతికిరి. మృతులలో వరంగల్లు ప్రాంతమువారు, హైదరాబాదువారు ఉండిరి. పడవ శకలము అక్టోబరు 22న గాని బయటపడలేదు. జాకెట్లు కొందరు తీసివేసియుండిరని ఆనాటి వార్తలలో వచ్చినది. తీసివేయుటకు కారణము ఉక్క, భోజనవేళ. మనలో ఎవరమైనను అదే చేసియుందుము. విహారయాత్రలు ఆగిపోయి, తిరిగి 2021 నవంబరులో మొదలైనవి. వర్షకాలపు గోదావరిపై పసిబిడ్డతో విహారము, జాకెట్టు ఉన్నను సరే, నేను ఒప్పుకొనను. చలికాలపు ఉదయమున నిలకడనీటిపై అరగంట వేరు.

ఇక ఓడలో దినములు గడచు తీరు. నా చెల్లెలు తన ఇరువది నెలల కుమార్తెతో గల్ఫు రేవు నుండి ఇట్టి ప్రయాణము చేసి వచ్చినది. "అన్నా, సముద్రమును అది చూడనే లేదు" అని నాతో చెప్పినది. పాపకు నచ్చినది క్యాబినుల నడుమనున్న పొడుగాటి నడవ. ఈ చివరనుండి ఆ చివరకు తివాచీమీద పరుగు, వెనుక తల్లి. మూడు దినములు అదియే వినోదము. నీళ్ళ తొట్టిలో దిగుదమన్నచో, డయపరు మానని పిల్లలను పెద్ద కొలనులలో దిగనీయరు. ఒకరి మలినము అందరి నీటిని చెఱచునని ఆ నియమము. నీటిడయపరు తొడిగినను పెక్కు ఓడలలో ఒప్పుకొనరు. పిల్లల ఆటగదులలో విడిచిపెట్టుదమన్నచో, మూడేండ్లు నిండి, స్వయముగా దొడ్డికి పోగలవారినే సాధారణముగా చేర్చుకొందురు. ఆరు నెలలు నిండని శిశువును ఓడ యెక్కనీయరు. మహాసముద్రమును దాటు పెద్ద ప్రయాణములకు ఏడాది నిండవలెను.

కాబట్టి బిడ్డ సంతోషము కొరకు ఓడ యెక్కుచున్నామని చెప్పుకొనుట అంత నిజము కాదు. ఎక్కునది పెద్దల కొరకే. అందులో తప్పు లేదు. ఏడాదంతయు ఎండలో పనిచేసినవాడు మూడు దినములు భార్యాబిడ్డలతో గాలి పీల్చుకొనవలెనని కోరరాదా? ఆ మాట ఒప్పుకొన్నచో ఏర్పాట్లు బిడ్డ అలవాటుకు తగినట్లు చేసికొనవచ్చును. మధ్యాహ్నపు నిద్రవేళ రేవులో దిగి ఊరు చూచు ఆశ మానుకొనవలెను. పాప మంచము కావలెనని టిక్కెట్టు కొనునప్పుడే చెప్పియుంచవలెను. చెల్లెలు రాగిపిండి, అటుకులు, వేయించిన పెసరపప్పు డబ్బాలలో తీసికొనిపోయినది. ఓడ భోజనశాలలో ఎన్ని రకములున్నను పాప తినినది వేడినీళ్ళలో నానిన ఆ అటుకులే.

ఓడ ఊగునప్పుడు వాంతులగునను భయము పసివారి విషయమున అంత అక్కరలేదు. చెవిలోపల సమతూకమును తెలుపు అవయవము "కదలుచున్నావు" అని చెప్పుచుండగా, కన్ను క్యాబిను గోడను చూచి "కదలుట లేదు" అని చెప్పును. ఆ రెండు సాక్ష్యముల వైరమే తలత్రిప్పు. రెండేండ్ల లోపు బిడ్డలలో ఇది అరుదు, తరువాత పన్నెండేండ్లవరకు ఎక్కువ. ఓడ నడిమి భాగమున, క్రింది అంతస్తులలో ఊపు తక్కువ. పెద్దలు వాడు వాంతుల మాత్ర పసివానికి సగము విరిచి పెట్టు అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. అది ప్రమాదకరము. ప్రొమెథజీను వంటి మందు రెండేండ్ల లోపువారికి ఈయనే రాదు. ఓడలలో ఎక్కువగా ప్రబలునది నోరోవైరసు అను విరేచనముల జబ్బు. చేతికి పూసికొను సానిటైజరు దానికి అంతగా లొంగదు. సబ్బు, నీరు కావలెను. కమ్మీలు, మెట్లు తాకి ఆ చేతిని నోట పెట్టుకొను వయసు కదా! ఓఆర్ఎస్ పొట్లాలు, వైద్యుడు బరువును బట్టి వ్రాసి ఇచ్చిన జ్వరపు మందు సంచిలో ఉండవలెను. ఓడలో వైద్యుడుండును గాని పిల్లల ఆసుపత్రి ఉండదు.

క్యాబినుకు బాల్కనీ ఉన్నచో అందలి కుర్చీలను లోపలికి తెచ్చి వేయవలెను. కమ్మికి దగ్గరగా ఉన్న కుర్చీ ఆ వయసువానికి నిచ్చెన. సముద్రము చూపుటకు బిడ్డను కమ్మీమీదికి ఎత్తి నిలుపుట, ఫొటో కొరకైనను, ఎన్నడును కూడదు.

నాకు అన్నిటికంటె పెద్ద చిక్కుగా తోచునది వేరొకటి. మా పడవలో మేము తొమ్మండుగురము. పిల్లవానిని ఎవరు చూచుచుండిరని ఆ రాత్రి మా అమ్మ అడిగినది. నేను మా ఆవిడ అనుకొన్నాను. ఆమె మా మేనత్త అనుకొన్నది. మేనత్త, వాని తండ్రి ప్రక్కనే ఉన్నాడు గదా అనుకొన్నది. మన ఉమ్మడి కుటుంబములలో బిడ్డను పెంచుటకు ఇన్ని చేతులుండుట అదృష్టమే. నీటిదగ్గర ఆ అదృష్టము తిరగబడును. అప్పటినుండి మేమొక పద్ధతి పెట్టుకొన్నాము. బిడ్డ ఒకరి వంతు. వంతు మారునప్పుడు "ఇగో, నువ్వు చూడు" అని పైకి అనవలెను. రెండవవారు "ఆ, చూస్తున్న" అని బదులు చెప్పవలెను. బదులు రానిదే వంతు మారినట్లు కాదు. మొదట అందరకు నవ్వు వచ్చినది. ఇప్పుడు మా మేనత్త పెండ్లిండ్లలో కూడ దీనిని అమలు జరుపుచున్నది.

అవ్వగారికి జవాబు వ్రాసితిని. మనుమని బరువెంతయో కనుగొనుడని, శిశువుల జాకెట్టు ఉన్నదా అని టిక్కెట్టు కొనక ముందే కుమారుని అడుగుమనుడని, మూడు రాత్రులు ఇద్దరే వంతులు మార్చుకొనుట కష్టము గనుక వీలైనచో మీరును పొండని వ్రాసితిని. మొన్న ఆమె నుండి కార్డు వచ్చినది. మనుమడు 11 కిలోలకు కొంచెము మీదనట. "అన్నీ అడిగిండు, జాకెట్టు ఉన్నదట. నన్ను గూడ రమ్మంటున్నరు. నాకు పాసుపోర్టు లేదు. గిప్పుడు పెట్టుకుంటే ఎన్నొద్దులకొస్తది?" అని వ్రాసినది.