పొగ బండి రాలేదని తిట్టే ముందు మీ ఫ్రిజ్ వెనక చూడండి

ఈరోజు దోమల గురించి మాట్లాడుకుందాం. ఆగండాగండి, స్కిప్ కొట్టకండి! స్కూల్లో చదివిన పాఠం కాదిది. అమెరికాలో కాలిఫోర్నియా లోకల్ ప్రభుత్వాలు ఒక చిన్న దోమతో 2013 నుంచి చేస్తున్న పోరాటం గురించి. చివర్లో నేను చేసిన ఒక వెధవ పని కూడా చెప్తాను.

మా అక్కా బావా లాస్ ఏంజిలిస్ దగ్గర ఉంటారు. మొన్న వీడియో కాల్‌లో అక్క కాళ్లు గోక్కుంటూనే మాట్లాడుతోంది. "ఏమైందక్కా?" అంటే, "దోమలురా! పట్టపగలు పెరట్లోకి వెళ్తే చాలు, కాళ్ల దగ్గర చేరి కుట్టి చంపుతున్నాయి. దేశం వదిలి వచ్చినా ఇవి మాత్రం వదల్లేదు" అంది. నేను నవ్వేశాను. కానీ చూస్తే ఆ మాట దాదాపు నిజమే. అక్కడ అలా పగలు కుట్టే దోమా, మన హైదరాబాద్‌లో, విజయవాడలో డెంగీ తెచ్చే దోమా ఒకే జాతి. పేరు ఈడిస్ ఈజిప్టై. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్ల చారలు.

దీని పుట్టిల్లు ఆఫ్రికా. ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. కాలిఫోర్నియాలో 2013లో ఫ్రెస్నో పక్కనున్న క్లోవిస్‌లో, మదేరాలో, మెన్లో పార్క్‌లో బయటపడింది. దీనికో చుట్టం ఉంది, ఏషియన్ టైగర్ దోమ. అది 2011లో లాస్ ఏంజిలిస్ కౌంటీలోని ఎల్ మాంటేలో దొరికింది. అంతకు ముందు 2001లో కూడా ఒకసారి లక్కీ బాంబూ మొక్కల కంటైనర్లలో కాలిఫోర్నియా చేరింది. మనం టీవీ పక్కన గాజు గ్లాసులో పెట్టుకుంటాం చూడండి, ఆ మొక్కే. లక్కు మొక్కదో దోమదో మీరే చెప్పాలి! ఇలా పిలవని పేరంటానికి వచ్చి ఇంట్లోనే తిష్ట వేసే జీవుల్నే ఇన్‌వేసివ్ జాతులు అంటారు.

మరి అక్కడి గవర్నమెంట్ ఏం చేస్తోంది? కాలిఫోర్నియాలో దోమల కోసమే విడిగా స్థానిక సంస్థలు ఉన్నాయి. వీటికి చట్టం 1915లోనే వచ్చింది. వెక్టర్ కంట్రోల్ డిస్ట్రిక్ట్ అంటారు. చాలా చోట్ల ఇంటి పన్ను బిల్లులోనే వీటికి కొంత డబ్బు వెళ్తుంది. అంటే వందేళ్ల అనుభవం, సొంత స్టాఫ్, సొంత ల్యాబ్. అయినా ఈ చిన్న దోమ ముందు తడబడ్డారు. ఎందుకు?

నా పాత ఉద్యోగం భాషలో చెప్తా. వాళ్ల పాత శత్రువు క్యూలెక్స్ దోమ. వెస్ట్ నైల్ వైరస్ తెచ్చేది అదే. అది ఎక్కువగా కాలవల్లో, గుంటల్లో, వాడకుండా వదిలేసిన స్విమ్మింగ్ పూల్స్‌లో పుడుతుంది. అంటే ప్రాబ్లమ్ సర్వర్‌లో ఉన్నట్టు. నలుగురు ఇంజినీర్లు కూర్చుని సర్వర్‌లో ఫిక్స్ చేస్తే అందరికీ బాగవుతుంది. ఈడిస్ అలా కాదు. అది మీ పూల కుండీ కింద ప్లేటులో, పాత టైరులో, కుక్కకి నీళ్లు పోసే గిన్నెలో పుడుతుంది. అంటే బగ్ ప్రతి యూజర్ ఫోన్‌లో ఉంది. సర్వర్ నుంచి ఎంత చేసినా లాభం లేదు. ఎవరి ఫోన్ వాళ్లే అప్‌డేట్ కొట్టాలి.

దీని లెక్కలు చూడండి. సీసా మూతలో పట్టేన్ని నీళ్లు చాలు దీనికి. ఎండాకాలంలో గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు. పుట్టిన చోటు నుంచి మామూలుగా రెండొందల మీటర్లు కూడా దాటదు. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోదో, పక్కింటిదో అయి ఉంటుంది. ఇంకో కిటుకు ఏంటంటే, గుడ్లు నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన గోడకి అంటించి పెడుతుంది. నీళ్లు ఒంపేసినా అవి ఎండిపోయి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. అందుకే ఒంపితే సరిపోదు, పీచు పెట్టి రుద్దాలి.

సో, అక్కడి డిస్ట్రిక్ట్‌ల పని సగం మందు కొట్టడం అయితే, సగం జనంతో మాట్లాడటం అయిపోయింది. స్కూళ్లకు వెళ్తారు. ఇంటింటికీ తిరిగి తలుపుకి కరపత్రాలు తగిలిస్తారు. "టిప్ అండ్ టాస్" అని వాళ్ల నినాదం. అంటే నీళ్లు ఒంపెయ్, పనికిరానిది పారెయ్. ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టర్ వచ్చి పెరడు చూసి వెళ్తారు. నీటి తొట్టి ఉంటే దోమ పిల్లల్ని తినే చేపలు చాలా డిస్ట్రిక్ట్‌లు ఫ్రీగా ఇస్తాయి. చెప్పినా వినకపోతే? రోజుకి 1,000 డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది.

ఇదంతా ఎందుకంటే, మొదట్లో ఇది కేవలం దురద సమస్య. 2023లో కథ మారింది. పాసడీనాలో, తర్వాత లాంగ్ బీచ్‌లో, ఎక్కడికీ ప్రయాణం చేయని మనుషులకి డెంగీ వచ్చింది. కాలిఫోర్నియాలో అక్కడి దోమ కుట్టి డెంగీ రావడం అదే మొదలు. 2024లో అలాంటి కేసులు పది దాటాయి.

టెక్నాలజీ లేదా అంటే, ఉంది. 2017లో గూగుల్ కుటుంబానికే చెందిన వెరిలీ కంపెనీ, ఫ్రెస్నో ప్రాంతంలోని దోమల డిస్ట్రిక్ట్‌తో కలిసి వారానికి పది లక్షల దాకా మగ దోమల్ని వదిలింది. కంగారు పడకండి, మగ దోమలు కుట్టవు. వాటిలో వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. వాటితో కలిసిన ఆడ దోమ గుడ్లు పొదగవు. ఆడ, మగ దోమల్ని వేరు చేసే పని కెమెరాలు, సాఫ్ట్‌వేర్ చూసుకున్నాయి. 2018లో వదిలిన పేటల్లో కుట్టే ఆడ దోమలు 95 శాతం దాకా తగ్గాయి! అయితే సీజన్ అంతా వదులుతూనే ఉండాలి. పైగా దోమల్ని తగ్గించడానికి దోమల్నే వదులుతున్నాం అంటే ఎవరు నమ్ముతారు? అందుకే అక్కడ కూడా ముందు జనం దగ్గరికి వెళ్లి, కూర్చుని, వివరించాల్సి వచ్చింది.

ఇప్పుడు నా వెధవ పని. మూడేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఇద్దరం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. వానాకాలం. మా రూమ్మేట్‌కి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్స్ పడిపోయాయి, ఐదు రోజులు హాస్పిటల్. నేను హాస్పిటల్ కారిడార్‌లో కూర్చుని, మా కాలనీకి పొగ బండి రాలేదని కోపంగా పోస్ట్ పెట్టా. బోలెడు లైకులు వచ్చాయి. వాళ్ల అమ్మగారు ఊరి నుంచి వచ్చి ఫ్లాట్ ఊడుస్తూ, "బాబూ, ఇటు రా" అని పిలిచారు. నేను ఇష్టపడి పెంచుకుంటున్న మనీ ప్లాంట్ సీసా. లోపల సన్నటి పురుగులు గిలగిలా ఈదుతున్నాయి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా నొప్పి. వాణ్ణి కుట్టింది ఆ సీసాలో దోమేనా అంటే చెప్పలేను. కాదని కూడా చెప్పలేను కదా. ఆ పోస్ట్ తీసేశా.

మున్సిపాలిటీని అడగొద్దని అనట్లేదు. కాలవలు, చెత్త, ఖాళీ ప్లాట్లు వాళ్ల బాధ్యతే, గట్టిగా అడగండి. కానీ పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది, సీసాలో పురుగుని కాదు. మన దగ్గర కూడా తెలంగాణలో 2020లో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అన్నారు. ఆంధ్రలో శుక్రవారం డ్రై డే అంటారు. డ్రై డే అంటే వైన్ షాపు బంద్ అనుకునేరు, ఇంట్లో నీళ్లు ఆరబెట్టే రోజు! వారానికోసారి ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా: దోమ అవ్వడానికి దానికి కావాల్సింది కూడా సుమారు వారమే.

అక్కకి ఫోన్ చేసి చెప్పా. పెరట్లో నేల కింద డ్రెయిన్ పైపు చూడమన్నా, అక్కడ చాలా ఇళ్లల్లో దోమలు పుట్టేది అందులోనే. "నీళ్లున్నాయిరా" అని మెసేజ్ పెట్టింది. ఇన్‌స్పెక్టర్‌ని పిలుస్తోందట.

ఇక మీ వంతు. వీడియో పాజ్ చేసి, ఫ్రిజ్ వెనక ట్రే ఒక్కసారి లాగి చూడండి. కూలర్, కుండీ ప్లేటు, మనీ ప్లాంట్ సీసా కూడా. ఏం దొరికిందో కామెంట్‌లో నిజాయితీగా చెప్పండి, నేను నవ్వను. నాకు ఆ హక్కు లేదు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.