విమానంలో గాలికి కాపలా ఎవరు?

మన హాస్టల్ మీదుగా విమానం వెళ్తుంటే తలెత్తి చూడని వాళ్లుండరు. విదేశాలకు వెళ్లొచ్చిన మన సీనియర్లు "దిగేటప్పుడు చెవులు దిబ్బడేశాయి" అంటుంటే మాకొక సందేహం వచ్చింది. అంత ఎత్తులో మనిషి ఊపిరి ఎలా పీలుస్తాడు? మేము తెలుసుకున్నది మీకూ చెబుతున్నాం.

35,000 అడుగుల ఎత్తులో వాయు పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు నాలుగో వంతే. గాలిలో ఆక్సిజన్ అక్కడా 21 శాతమే గానీ, పీడనం చాలక అది రక్తంలోకి సరిగా చేరదు. నిమిషం తిరక్కుండానే బుర్ర పనిచేయడం మానేస్తుంది. అందుకే విమానం లోపల పీడనాన్ని సాధారణంగా 8,000 అడుగుల ఎత్తున ఉండే స్థాయికి తగ్గనివ్వరు. అంటే ఊటీ కంటే కాస్త ఎత్తైన చోట కూర్చున్నట్లన్నమాట.

ఇదెలా సాధ్యం? నీళ్ల తొట్టిని గుర్తు చేసుకోండి. పైన కుళాయి ధార పడుతూనే ఉంటుంది. అడుగున తూము బిగిస్తే మట్టం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. చాలా జెట్ విమానాల్లో ఇంజన్ కంప్రెసర్ నుంచి వేడి గాలిని తీసి, చల్లబరిచి లోపలికి వదులుతారు. అది కుళాయి. వెనుక భాగంలో ఉండే ఔట్‌ఫ్లో వాల్వ్ తూము. దాన్ని ఎప్పుడు ఎంత తెరవాలో చూసుకునేది కంప్యూటర్. విమానం నిమిషానికి 2,000 అడుగులు ఎక్కుతున్నా, లోపల మాత్రం సుమారు 500 అడుగులు ఎక్కినట్లే పీడనం మారుతుంది. లేకుంటే చెవులు తట్టుకోలేవు. దిగాక వాల్వ్ పూర్తిగా తెరుచుకుని లోపలా బయటా పీడనం సమానమవుతుంది.

ఇదంతా స్విచ్ 'ఆటో'లో ఉంటేనే! 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్ బయలుదేరిన హీలియోస్ సంస్థ బోయింగ్ 737లో ఆ స్విచ్ 'మాన్యువల్'లో ఉండిపోయింది. అంతకుముందు నేలమీద పరీక్ష చేసినవారు దాన్ని తిరిగి ఆటోలో పెట్టలేదు. పైలట్లు గమనించలేదు. తూము కొంత తెరిచే ఉంది. ప్రమాద హారన్ మోగినా, అది వేరే హెచ్చరిక అనుకున్నారు. కాసేపటికి స్పృహ తప్పారు. ఆటోపైలట్ మీద తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి విమానం గ్రీసులో కూలింది. 121 మందీ మరణించారు.

మీరెప్పుడైనా విమానమెక్కితే, పైనుంచి ఆక్సిజన్ మాస్కు పడగానే ముందు మీరు తగిలించుకోండి, తర్వాతే పక్కవారికి సాయం చేయండి. స్పృహ ఉన్నవాడే సాయపడగలడు.

రేపు మనలో ఒకరు మెకానిక్ కావచ్చు, పైలట్ కావచ్చు. పని ముగిశాక స్విచ్ ఎక్కడుందో మరోసారి చూసుకునే అలవాటు మాత్రం మన హాస్టల్ గది లైటు దగ్గరే మొదలుపెడదాం.