రక్తమార్పిడి, అవయవమార్పిడి: అలెక్సిస్ కారెల్ పరిశోధన – పరిమితులు

1. ఉపోద్ఘాతం:

‘రక్తమార్పిడి’, ‘అవయవమార్పిడి’ అనే సమాసాల్లోని ‘మార్పిడి’ ఇచ్చిపుచ్చుకోవడాన్ని సూచిస్తుంది. ఆచరణలో మాత్రం ఒకరు ఇస్తారు, మరొకరు పొందుతారు. అదే క్రియను దాత వైపు నుండి చెప్పేటప్పుడు ‘రక్తదానం’, ‘అవయవదానం’ అంటాం. మొదటి జంట చికిత్సను, రెండవది నైతికతను తెలుపుతాయి. ఈ రెండింటి మధ్య దూరం ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్ (1873–1944) జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పరిశోధన సాధించినదాన్ని, దానికి అందనిదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రక్తనాళాల కుట్టు:

1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురై మరణించాడు. తెగిన పెద్ద రక్తనాళాన్ని నమ్మకంగా కుట్టే పద్ధతి ఆనాటి వైద్యులకు లేదు. ఆ నగరంలోనే వైద్యవిద్య అభ్యసించిన కారెల్ ఎంబ్రాయిడరీ పనివారి వద్ద సన్నని సూదిపని నేర్చుకొని, 1902లో తన పద్ధతిని ప్రకటించాడు. రెండు నాళాల అంచులను సమాన దూరంలో మూడు కుట్లతో కలిపి లాగితే గుండ్రని నోరు త్రిభుజాకారం దాలుస్తుంది. అప్పుడు ఒక్కొక్క భుజాన్ని తిన్నగా కుట్టవచ్చు. ఈ కృషికి 1912లో ఆయన నోబెల్ బహుమతి పొందాడు.

3. రక్తమార్పిడి:

శరీరం వెలుపల రక్తం గడ్డకట్టకుండా ఆపే మార్గం అప్పటికి లేదు. అందువల్ల 1908లో న్యూయార్క్‌లో రక్తస్రావంతో మరణానికి చేరువైన ఒక పసికందును కాపాడటానికి కారెల్ తండ్రి మణికట్టు ధమనిని బిడ్డ కాలి సిరతో నేరుగా కలిపి కుట్టాడు. బిడ్డ బతికింది. 1914లో సోడియం సిట్రేట్ వాడకం మొదలైన తరువాత రక్తాన్ని నిల్వచేయడం సాధ్యమైంది. దాత, గ్రహీత ఒకేచోట ఉండవలసిన అవసరం తీరింది.

4. అవయవమార్పిడి:

కారెల్ కుక్కలపై మూత్రపిండాల మార్పిడి ప్రయోగాలు చేశాడు. ఒక కుక్క మూత్రపిండాన్ని తీసి దాని శరీరంలోనే మరోచోట అమర్చితే పనిచేసింది. వేరొక కుక్కది అమర్చితే కొద్దికాలానికే విఫలమైంది. రెండు సందర్భాల్లోనూ కుట్టు ఒకటే. కాబట్టి లోపం కుట్టులో లేదని, శరీరాల జీవస్వభావంలో ఉందని ఆయన గ్రహించాడు. ఈ తిరస్కరణకు రోగనిరోధక వ్యవస్థే కారణమని 1940లలో పీటర్ మెడావర్ పరిశోధనలు నిరూపించాయి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే సమరూప కవలల మధ్య మూత్రపిండ మార్పిడిని విజయవంతం చేశాడు. కవలలు కావడం వల్ల అక్కడ తిరస్కరణ సమస్య ఎదురుకాలేదు.

5. ప్రపంచ ఆరోగ్య దృక్పథం:

శరీరాలను కలిపిన కారెల్ మనుషులను మాత్రం విలువ కట్టి విడదీశాడు. 1935 నాటి గ్రంథంలో ‘యూజెనిక్స్’ అనే సుజననవాదాన్ని సమర్థించాడు. నేటి ప్రపంచ ఆరోగ్య దృక్పథం దీనికి పూర్తిగా భిన్నమైనది. స్వచ్ఛందంగా, ప్రతిఫలం లేకుండా ఇచ్చే రక్తదానాన్ని ప్రోత్సహించాలని ప్రపంచ ఆరోగ్య సభ 1975లో తీర్మానించింది. భారతదేశం 1994 చట్టం ద్వారా అవయవాల క్రయవిక్రయాలను నిషేధించింది. తెలుగు రాష్ట్రాల్లో మరణానంతర అవయవదానాన్ని సమన్వయం చేసే కార్యక్రమం పేరు ‘జీవన్‌దాన్’. ఆ పేరులో ఉన్నది దానమే, మార్పిడి కాదు.

6. ముగింపు:

కారెల్ కుట్టు నేటికీ శస్త్రవైద్యానికి ఆధారం. ఆయన సామాజిక చింతన మాత్రం ఆ కుట్టు ఉద్దేశానికే విరుద్ధం. దానం చేసిన రక్తం, అవయవం ఎవరికి చేరాలో వైద్యపరమైన అవసరం, పొంతన నిర్ణయించాలి తప్ప గ్రహీత హోదా కాదు. అందువల్ల ఈ చరిత్రను బోధించేటప్పుడు ‘మార్పిడి’తోపాటు ‘దానం’ అనే భావననూ చర్చించడం అవసరం.