కడలి అడుగున కట్టడం – కాగితంపై పరీక్ష

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పత్తి, మిరప ప్రధానమైన వాణిజ్య పంటలు. ఈ పైర్లకు రైతు చల్లే యూరియాకు, బంగాళాఖాతం అడుగున దాగి ఉన్న సహజవాయువుకు దగ్గరి సంబంధం ఉంది. సహజవాయువు నుండి లభించే హైడ్రోజన్ గాలిలోని నత్రజనితో కలిసినప్పుడు అమ్మోనియా ఏర్పడుతుంది. అది బొగ్గుపులుసు వాయువుతో చర్య జరిపి యూరియాగా మారుతుంది. యూరియా తయారీ వ్యయంలో అధికభాగం వాయువుకే అవుతుంది. రైతు చెల్లించే ధరను కేంద్ర ప్రభుత్వం నిర్ణయించి, మిగిలిన భారాన్ని సబ్సిడీ రూపంలో భరిస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కె.జి. డి–6 క్షేత్రం నుండి 2009 ఏప్రిల్‌లో వాయువు వెలువడినప్పుడు, పంపిణీలో ఎరువుల కర్మాగారాలకే ప్రథమ ప్రాధాన్యం లభించింది.

ఈ క్షేత్రం కాకినాడ తీరానికి ఆవల లోతైన సముద్రంలో ఉంది. బావుల శిరోభాగాలు, కవాటాలు, గొట్టాలు, వాటిని నియంత్రించే తీగలు అన్నీ సముద్రపు నేలపైనే అమరి ఉంటాయి. గజ ఈతగాళ్లు సైతం చేరలేని ఆ లోతులో పనులన్నీ యంత్రాలే చేయాలి. ఒక కవాటం చెడినా దానిని బాగుచేయడానికి ప్రత్యేకమైన నౌకలను అధిక వ్యయంతో రప్పించవలసి ఉంటుంది. అందువల్ల కాగితంపై దొర్లిన చిన్న పొరపాటు కడలి అడుగున పెను భారమవుతుంది.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన తరువాత గోడ జరపడం కంటే, గీసిన తరువాత గీత చెరపడం ఎంతో సులభం. స్వతంత్ర డిజైన్ సమీక్షకు మూలసూత్రం ఇదే. డిజైన్ రూపొందించిన వారితో గాని, పరికరాలు అమ్మేవారితో గాని ఏ ప్రయోజన సంబంధమూ లేని నిపుణులు దానిని ఆమూలాగ్రం పరిశీలిస్తారు. ఇన్ని బావులు అవసరమా? గొట్టానికి ఇంత మందం ఎందుకు? ప్రత్యేకంగా చేయించే పరికరానికి బదులు ప్రామాణికమైనది సరిపోదా? సమీపంలో ఉన్న గొట్టపు మార్గాన్ని వాడుకోలేమా? ప్రతి దశలోను ఒక్కొక్కరు ‘ఎందుకైనా మంచిది’ అని కొంత కలుపుతూ పోతే, చివరకు అవన్నీ కలిసి కొండంత అవుతాయి. తాను గీసినదానిలోని లోపం తన కంటికి కనిపించకపోవడం మానవ సహజం.

కె.జి. డి–6 అనుభవం ఈ విషయాన్ని విశదం చేస్తుంది. 2004లో సుమారు 240 కోట్ల డాలర్లుగా ఉన్న అభివృద్ధి వ్యయపు అంచనా 2006 నాటికి సుమారు 880 కోట్ల డాలర్లకు పెరిగింది. రోజువారీ ఉత్పత్తి లక్ష్యం 4 కోట్ల ఘనపు మీటర్ల నుండి 8 కోట్లకు పెరిగింది. కాని ఉత్పత్తి 2010లో సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, ఆపై క్షీణించింది. ఒప్పందం ప్రకారం సంస్థ తన ఖర్చును వాయువు అమ్మకం నుండి ముందుగా రాబట్టుకొని, మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకోవాలి. కనుక ఖర్చు పెరిగితే ప్రజల వాటా తగ్గుతుంది. పరికరాలు సేకరించిన తీరును కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2011 నాటి నివేదికలో ప్రశ్నించగా, సంస్థ ఆ ఆక్షేపణలను అంగీకరించలేదు. వివాదం ఎలా ఉన్నా, ఖర్చు జరిగిన తరువాత చేసే తనిఖీ జవాబుదారీతనాన్ని నిలుపుతుందే గాని, సముద్రంలో దించిన గొట్టాన్ని వెనక్కు తేలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వంటిదే అది.

తొలి క్షేత్రంలో ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో నిలిచిపోయింది. అదే ఏడాది డిసెంబరులో సమీపంలోని ఆర్–క్లస్టర్ క్షేత్రం నుండి వాయువు రావడం మొదలైంది. ఇందుకు పూర్వమే నిర్మించిన వేదికను, తీరంలోని శుద్ధి కేంద్రాన్ని వినియోగించారు. ఉన్నదానిని వాడుకోలేమా అన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో దీనివల్ల తెలుస్తుంది.

అయితే పొదుపు వేరు, కక్కుర్తి వేరు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని మకాండో బావి పేలి 11 మంది మరణించారు. కాలాన్ని, ధనాన్ని ఆదా చేసిన నిర్ణయాలు అక్కడ ముప్పును పెంచాయని విచారణలో తేలింది. అనవసరమైనదానిని తొలగించడంతో పాటు, అవసరమైనదానిని తొలగించకుండా కాపాడడం కూడా సమీక్షకుని ధర్మం. నిష్పక్షపాతమైన ఆ రెండవ చూపు సకాలంలో ప్రసరిస్తే, దూరాన మిరప చేలో యూరియా చల్లే రైతుకు, అతనికై సబ్సిడీ భరించే ప్రజలకు కూడా మేలు కలుగుతుంది.