జంతు ప్రదర్శనశాలల్లో సాంకేతిక పరిజ్ఞానం

4.1 ఉపోద్ఘాతం

మీరు అడిక్‌మెట్‌లో ఉన్నా, అచ్చంపేటలో ఉన్నా హైదరాబాదు జూపార్కును ఒక్కసారైనా చూసే ఉంటారు. 1963లో సందర్శకులకు తెరిచిన ఈ నెహ్రూ జంతు ప్రదర్శనశాల మీర్ ఆలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాల్లో ఉంది. అక్కడ వాడే సాంకేతిక పరిజ్ఞానాన్ని ఈ భాగంలో ఒకే ప్రశ్నతో పరిశీలిద్దాం: దానివల్ల మేలు ఎవరికి?

4.2 పగలును రాత్రిగా మార్చడం

పునుగు పిల్లి, గుడ్లగూబ వంటి నిశాచర జీవులు పగలు నిద్రపోతాయి. సందర్శకులు వచ్చేది పగటిపూటే. అందుకే నిశాచర జంతువుల గృహంలో వెలుతురును తారుమారు చేశారు. పగలు మసక వెలుతురు, రాత్రి ప్రకాశవంతమైన దీపాలు ఉంచుతారు. జంతువు శరీరంలోని జీవగడియారం వెలుతురును బట్టి నడుస్తుంది కాబట్టి, అది మన పగటివేళ చురుగ్గా తిరుగుతుంది. ఇక్కడ లాభం ప్రధానంగా సందర్శకులది. జంతువుకు హాని కలగకూడదంటే దీపాల వేళలు రోజూ ఒకేలా ఉండాలి. ఆ గృహంలో మీరు ఫోను ఫ్లాష్ వెలిగిస్తే ఈ ఏర్పాటుకు మీరే భంగం కలిగించినవారవుతారు.

4.3 పట్టుకోకుండా పరీక్షించడం

వన్యమృగం నుంచి రక్తం తీయాలంటే సాధారణంగా మత్తు ఇవ్వాలి. మత్తు ప్రాణాపాయం కావచ్చు. పట్టుకునేటప్పుడు కలిగే భయం వల్ల ఫలితాలూ మారవచ్చు. దీనికి ప్రత్యామ్నాయం పేడ పరీక్ష. ప్రొజెస్టిరాన్ అవశేషాలు పేడలో పెరిగితే గర్భధారణను, కార్టిసాల్ అవశేషాలు పెరిగితే ఒత్తిడిని అనుమానించవచ్చు. సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల (అత్తాపూర్) ఇటువంటి పరిశోధనలు చేస్తోంది. లాకోన్స్, జూపార్కు కలిసి 2010లో మూషిక జింకల సంతానోత్పత్తి కార్యక్రమం చేపట్టాయి. అలా పెరిగిన జింకలను 2017లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు.

అయితే పేడ పరీక్ష అన్నిటికీ సరిపోదు. 2021లో ఈ జూపార్కులోని 8 ఆసియా సింహాలలో శ్వాసకోశ వ్యాధి లక్షణాలు కనిపించినప్పుడు ముక్కు, గొంతు నమూనాలు తీయక తప్పలేదు. లాకోన్స్ పరీక్షల్లో కోవిడ్ అని తేలింది. సింహాలను వేరుగా ఉంచి చికిత్స చేశారు, అవి కోలుకున్నాయి.

4.4 సారాంశం

సాంకేతికత సందర్శకులకు జంతువును దగ్గర చేస్తుంది, జంతువుకు ఆరోగ్యాన్నిస్తుంది. ఈ రెండు ప్రయోజనాలు ఎప్పుడూ ఒకటి కావు. అవి విభేదించినప్పుడు జంతువు క్షేమానికే ప్రాధాన్యం ఇవ్వాలి. ఎందుకంటే సందర్శకుడు ఇష్టం లేకపోతే వెళ్లిపోగలడు, జంతువు వెళ్లలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నిశాచర జంతువుల గృహంలో వెలుతురును ఎందుకు తారుమారు చేస్తారు?
2. రక్త పరీక్ష కంటే పేడ పరీక్ష ఏ విధంగా మేలు? దాని పరిమితి ఏమిటి?