ఇంటి కుక్క పోయినప్పుడు

ఉద్దానంలో జీడితోట ఉన్న ఇంట కుక్క ఉంటుంది. జీడిపిక్కలు రాలే రోజుల్లో రాత్రంతా అదే కాపలా. దానికి జీతం లేదు. పూటకింత గంజి అన్నం చాలు. పలాసలో జీడిపప్పు పనికి పోయిన తల్లి తిరిగొచ్చేవేళకు గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు కూలిపోయాయి. ఆ ఏడు పుట్టిన కుక్కపిల్లలు ఇప్పుడు ముసలితనానికి దగ్గరవుతున్నాయి. కుక్క ఆయుష్షు మామూలుగా 10 నుంచి 13 ఏళ్లు.

ముసలితనం నెమ్మదిగా వస్తుంది. మూతి నెరుస్తుంది. కళ్లు మసకబారతాయి. తిండి తగ్గుతుంది. అలాంటి కుక్కను నీడలో గోనెసంచి మీద పడుకోబెట్టాలి. నీళ్లు దగ్గర పెట్టాలి. ఒళ్లు నిమరవచ్చు. బాధతో మూలుగుతుంటే పశువుల డాక్టరుకు చూపించాలి. ఇక బతకదని తేలితే నొప్పి తెలియకుండా ప్రాణం పోయే సూది వేస్తారు. అది పాపం అనేవాళ్లున్నారు. ఈగలు ముసురుతుంటే రోజుల తరబడి మూలగడం మాత్రం ఏం పుణ్యం?

ఇంకో రకం చావు ఉంది. నిన్నటిదాకా బాగున్న కుక్క ఒక్కసారి మారిపోతుంది. దాని అరుపు కూడా మారుతుంది. అదే పిచ్చి. డాక్టర్లు రేబిస్ అంటారు. పిచ్చికుక్క అంటే వీధుల్లో పరుగెత్తి కరిచేదే అనుకుంటాం. అన్నీ అలా ఉండవు. కొన్ని చీకటి మూల చేరి ముడుచుకుంటాయి. దవడ వేలాడుతుంది. చొంగ కారుతుంది. మింగలేవు. "గొంతులో ఎముక అడ్డం పడింది గామోసు" అని ఇంటావిడ దాని నోట్లో చెయ్యి పెడుతుంది. ప్రేమతోనే పెడుతుంది. ఆ చేతికి జీడిసొన కాల్చిన పుండు ఉంటుంది. చొంగ ఆ పుండుకు తగిలితే చాలు, ప్రమాదమే. కుక్క కరవనక్కర్లేదు.

అలా తగిలితే వెంటనే సబ్బు రుద్ది, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. అదే రోజు పలాస గానీ టెక్కలి గానీ పెద్దాసుపత్రికి వెళ్లాలి. సర్కారు ఆసుపత్రిలో టీకా ఉచితం. మొదటి సూది వేసిన రోజు నుంచి లెక్కపెట్టి 3, 7, 28 రోజులకు మళ్లీ వేస్తారు. పూర్వంలాగా బొడ్డు చుట్టూ కాదు, చేతులకే. కుక్క చచ్చిపోయింది గదా అని మానకూడదు. మనిషిలో రోగం బయటపడ్డాక బతికించే మందు లేదు.

ఇలా అనుమానం ఉన్న కుక్కను తాకకూడదు. పిల్లలు దూరం నుంచే చూడాలి. పశువుల ఆసుపత్రికి కబురు పెట్టాలి.

కొందరు చచ్చిన కుక్కను చెరువులోనో తంపరలోనో పడేస్తారు. కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ వాళ్లకూ తెలుసు! బావికి దూరంగా నడుములోతు గొయ్యి తవ్వాలి. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని దించాలి. మన్ను కప్పి, నక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేయాలి.

"ఏటైపోనాదమ్మా మన కుక్క?" అని పిల్లలు అడుగుతారు. ఊరెళ్లిందని చెబితే రోజూ గుమ్మంలో ఎదురుచూస్తారు. చచ్చిపోయిందనే చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి.

మళ్లీ కుక్కపిల్లను తెచ్చుకుంటే 3 నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి. ఆ తర్వాత ఎప్పుడు తేవాలో డాక్టరు చీటీ మీద రాసిస్తారు. ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవచ్చు.